జీనోమ్ చదివితే మనకేం ఒరిగింది? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

మనిషి జీనోమ్ చదివేశారట, ఇక జబ్బులన్నీ పోతాయట అని 2000లో టీవీల్లో, పేపర్లలో ఒకటే హోరు. పాతికేళ్లు దాటింది. షుగర్ పోలేదు, బీపీ పోలేదు. మరి ఆ డబ్బంతా వృథాయేనా అంటే కాదు. చాలా మారింది, కాకపోతే అప్పుడు మాటిచ్చిన చోట కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట్ల మారింది. జనం మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

అసలు చదివింది ఏమిటి?

మన కణాల్లో ఉండే డీఎన్ఏని. అందులో ఏ, టీ, జీ, సీ అని నాలుగు రసాయన అక్షరాలుంటాయి. తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు వస్తాయి, ఒక్కో సెట్టులో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఆ వరసని మొదటి నుంచి చివరిదాకా రాసి పెట్టడమే హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్ట్. 1990లో మొదలైంది, అమెరికా, బ్రిటన్, జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, చైనా కలిసి చేశాయి, మనం అందులో లేము. 2000 జూన్ 26న క్లింటన్, టోనీ బ్లెయిర్ కలిసి ముసాయిదా అయిందని ప్రకటించారు, 2003 ఏప్రిల్‌లో పని పూర్తయిందన్నారు. ఖర్చు 1991 నాటి డాలర్ విలువలో సుమారు 270 కోట్ల డాలర్లు.

"పూర్తయింది" అన్నారు కానీ నిజానికి 8 శాతం దాకా మిగిలిపోయింది. ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చే భాగాలను అప్పటి యంత్రాలు చదవలేకపోయాయి. ఆ మిగతాది 2022లో పూర్తిచేశారు, వై క్రోమోజోమ్ అయితే 2023 దాకా ఆగింది.

ఇంకో సంగతి. మనిషి ఇంత గొప్పవాడు కదా, లక్ష జన్యువులైనా ఉంటాయని చాలామంది లెక్కేశారు. తీరా చూస్తే ప్రొటీన్లు తయారుచేసేవి 20,000 దగ్గర తేలాయి. మిగతా డీఎన్ఏ ఏం చేస్తోందన్నది ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు.

ఎవరి జీనోమ్ అది? మనవాళ్లది ఉందా?

మొదటిది ఒక్కరిది కాదు, పేర్లు బయటపెట్టని కొందరిది కలిపి కుట్టింది. అందులో సుమారు 70 శాతం ఒకే మనిషిది. అమెరికాలో బఫెలో అనే ఊళ్లో పేపర్లో ప్రకటన ఇచ్చి పిలిస్తే రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లలో ఒకరు.

తెలుగువాళ్ల విషయానికొస్తే, ఉన్నాం! 2008లో మొదలైన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 26 జనసమూహాలు ఉన్నాయి, వాటిలో ఒకటి "ఇండియన్ తెలుగు". ప్రపంచంలో ఏ ల్యాబ్‌లోనైనా ఈ డేటా వాడుతుంటే మన పేరు ఐటీయూ అనే మూడక్షరాల కోడ్‌గా కనబడుతుంది. అయితే ఆ శాంపిల్స్ తీసుకున్నది కరీంనగర్లోనో గుంటూరులోనో కాదు, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల దగ్గర. రెండు రాష్ట్రాల్లో కోట్లమంది ఉన్నాం, ఎన్ని కులాలు, ఎన్ని తెగలు, గోండులు, కోయలు, చెంచులు, వీళ్లందరికీ కలిపి ప్రపంచం చాలాకాలం చూసుకున్నది ఆ వందమంది ఎన్నారైలనే. సంతోషించాలో నవ్వుకోవాలో మీరే చెప్పండి.

ఈ లోటు తీర్చడానికే 2020లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ జీనోమ్ ఇండియా మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే మన సీసీఎంబీతో సహా 20 సంస్థలు కలిసి సుమారు 10,000 మంది జీనోమ్‌లు చదివాయి, 2025 జనవరిలో ఆ డేటాని పరిశోధకులకు తెరిచారు. అది ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్లో ఉంది.

మరి షుగర్, బీపీ ఎందుకు పోలేదు?

ఎందుకంటే వాటికి "ఆ ఒక్క జన్యువు" అంటూ లేదు. టైప్ 2 డయాబెటిస్‌కి వందల చోట్ల చిన్నచిన్న మార్పులు, ఒక్కోటి ముప్పుని పిసరంత పెంచేదో తగ్గించేదో, వాటికి తోడు మనం తినేది, కూర్చునే గంటలు, నిద్ర, టెన్షన్, పుట్టినప్పటి బరువు. ఇన్ని కలిసిన చోట ఒక మీట నొక్కితే ఆగిపోయే జబ్బేం కాదది. ఈ సంగతి 2007 తర్వాత వేలమంది, లక్షలమంది డీఎన్ఏని పోల్చి చూసే అధ్యయనాలు వచ్చాకే గట్టిగా అర్థమైంది. దీన్ని వైఫల్యం అనేవాళ్లున్నారు, నేననను. ఏది సులువు, ఏది కష్టం అని తేలడం కూడా ఫలితమే.

ఒకే జన్యువు చెడి వచ్చే అరుదైన జబ్బుల దగ్గర మాత్రం కథ పూర్తిగా వేరు. ఒకప్పుడు పిల్లాడికి మూర్ఛలు, నడక రాదు, ఎందుకో తెలీదు అంటే తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు జీనోమ్‌లో ప్రొటీన్ల సూచనలుండే 1 నుంచి 2 శాతం భాగాన్ని, అంటే ఎక్సోమ్‌ని చదివితే చాలామందికి జబ్బు పేరైనా తెలుస్తుంది. మందు లేకపోవచ్చు. కానీ పేరు తెలిస్తే రెండో బిడ్డకు వస్తుందో రాదో ముందే చూసుకోవచ్చు, పనికిరాని వైద్యాలు ఆపేయొచ్చు. ఈ పాతికేళ్లలో జీనోమ్ చేసిన అతి పెద్ద మేలు ఏదంటే నేను ఇదే చెబుతాను.

మందుల్లో ఏం మారింది?

క్యాన్సర్‌తో మొదలుపెడదాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే ఇవాళ హైదరాబాద్‌లో డాక్టర్ గడ్డలోంచి ముక్క తీసి ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యువుల్లో మార్పుందేమో చూడమంటాడు. ఉంటే చాలామందికి కీమో బదులు మాత్రలతో మొదలుపెడతారు. క్యాన్సర్ ఏ అవయవంలో ఉందన్నదే కాదు, అందులో ఏ జన్యువు చెడిందన్నదీ చూసి మందు రాసే పద్ధతి ఇది.

అన్నీ జీనోమ్ ప్రాజెక్టు ఖాతాలో వేయకూడదు. రక్త క్యాన్సర్లో ఒక రకానికి దివ్యంగా పనిచేసే ఇమాటినిబ్ 2001లో వచ్చింది, కానీ దానికి మూలం 1960లో కనబడిన ఒక తేడా క్రోమోజోమ్. మన నాట్కో కంపెనీ దాని జెనరిక్ తెచ్చాక మామూలు కుటుంబాలకు అందింది, 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ కోరికను తోసిపుచ్చింది. మందు ఎంత గొప్పదైనా, అది చౌకగా తయారయ్యే దారి లేకపోతే మనదాకా రాదని ఆ కేసుతో తెలిసింది.

నిజంగా జీనోమ్ పరిశోధన నుంచే పుట్టింది చూడాలంటే సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బుని చూడండి. కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక అది ఆగిపోతుంది. కొందరిలో మాత్రం ఆగకుండా కొంత కొనసాగుతుంది, వాళ్లకు సికిల్ సెల్ ఉన్నా బాధ తక్కువ. ఎందుకని వాళ్ల డీఎన్ఏని పోల్చి చూస్తే 2008 ప్రాంతంలో బీసీఎల్11ఏ అనే జన్యువు దొరికింది, పాత హిమోగ్లోబిన్‌ని ఆపేది అదే. రక్తకణాలను పుట్టించే మూలకణాల్లో దాని స్విచ్‌ని క్రిస్పర్ అనే, డీఎన్ఏని కోరిన చోట కత్తిరించే పద్ధతితో కత్తిరిస్తే పాత హిమోగ్లోబిన్ తిరిగొస్తుంది. ఆ చికిత్స, క్యాస్‌జెవీ, 2023 నవంబర్లో బ్రిటన్‌లో, డిసెంబర్లో అమెరికాలో ఆమోదం పొందింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 18 కోట్లు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో సికిల్ సెల్‌తో బాధపడే పిల్లలకు ఆ అంకె చెప్పడానికి నోరు రాదు. మనకు ఇప్పటికి ఆధారం 2023లో మొదలైన జాతీయ మిషన్, రక్తపరీక్షలు, హైడ్రాక్సీయూరియా మాత్రలు.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ కులం అడిగాడు. అడగొచ్చా?

కోపం తెచ్చుకోకండి, దీని వెనక గట్టి కారణం ఉంది. మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా అది కొద్ది నిమిషాల్లో ఒంట్లోనే విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కొందరిలో ఉండదు. వాళ్లకు గంటల తరబడి ఊపిరి కండరాలు పనిచేయవు, మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం ఆర్య వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువని మన దగ్గరి మత్తు డాక్టర్లకు ఎప్పట్నుంచో అనుభవం.

ఎందుకలా అన్నది జీనోమ్ చెప్పింది. సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. మన దేశంలో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకులతో మొదలై, వందల ఏళ్లు, కొన్ని అయితే వేల ఏళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని అందులో తేలింది. 2017లో ఇంకా పెద్ద డేటాతో ఇదే మళ్లీ చూపించారు, ఆ పరిశోధనలో వైశ్యుల ఉదాహరణ ప్రత్యేకంగా ఉంది. మొదటి కొద్దిమందిలో ఒకరికి ఒక లోపముంటే, అది బయటికి పోకుండా ఆ గుంపులోనే పెరుగుతుంది. ఇది ఏ ఒక్క కులానికో పరిమితం కాదు, ఒక్కో సమూహానికి ఒక్కో లోపం. ఎక్కువ తక్కువల మాట అసలే కాదు. దీన్ని పట్టుకుని కులాల మీద జోకులు వేసేవాళ్లకు తమ కులంలో ఏముందో ఇంకా ఎవరూ చదవలేదంతే.

మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చాక లేవడం ఆలస్యమైందా? కులం సంగతి అలా ఉంచి అది మాత్రం తప్పకుండా చెప్పండి.

మేనరికం చేసుకుంటే తప్పకుండా పిల్లలకు సమస్యలొస్తాయా?

తప్పకుండా రావు. ముప్పు పెరుగుతుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడివి. అక్క కూతురిని చేసుకుంటే నాలుగో వంతు. మనందరం తెలీకుండానే కొన్ని చెడిన జన్యువులు మోస్తుంటాం, రెండో కాపీ బాగుంటుంది కాబట్టి ఏమీ కాదు. మేనరికంలో అమ్మ, నాన్న ఇద్దరూ ఒకే తాతయ్య నుంచి ఒకే చెడిన కాపీ తెచ్చుకునే అవకాశం ఉంది, అలాంటప్పుడు ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పుట్టుకతో వచ్చే లోపాలు ఎవరి పిల్లల్లోనైనా 100కి రెండుమూడు ఉంటాయి, మేనరికంలో అది దాదాపు రెట్టింపు.

"మా అమ్మానాన్నది మేనరికమే, మేమంతా బాగానే ఉన్నాం కదా" అంటారు. నిజమే, ఎక్కువమంది బాగానే ఉంటారు. కానీ మీ తమ్ముడి ఇంట్లోనో పెదనాన్న ఇంట్లోనో చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారేమో అడగండి, పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు. పెళ్లయిపోయిందా, సరే, పిల్లల గురించి ఆలోచించే ముందు ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి. మేనరికం అయినా కాకపోయినా, తలసీమియా (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జబ్బు) జన్యువు మోస్తున్నారో లేదో చూసే రక్తపరీక్ష ఇద్దరూ చేయించుకోండి. దానికి జీనోమ్ చదవక్కర్లేదు, ఖర్చూ తక్కువ. జాతకాలకు పెట్టే టైములో అయిపోతుంది.

గుండె జబ్బు జన్యువు మన దేశంలో ఎక్కువట కదా?

2009లో తంగరాజ్ వాళ్ల బృందం ఎంవైబీపీసీ3 అనే గుండె కండరపు జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రకం చూపించింది. దక్షిణాసియాలో 100కి సుమారు 4 మందికి ఉంది, మిగతా ప్రపంచంలో దాదాపు లేదు. యూరోపియన్ల డేటా ఎంత తిరగేసినా ఇది కనబడేది కాదు, మన డేటా మనం ఎందుకు తీసుకోవాలంటే ఇందుకే. ఉన్న ప్రతివాళ్లకూ గుండె జబ్బు వస్తుందని మాత్రం కాదు.

కరోనాకీ దీనికీ సంబంధం ఏమిటి?

మనిషి జీనోమ్ కోసం పుట్టిన యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు, ముఖ్యంగా అలవాట్లు. చదివిన వరసని 24 గంటల్లో అందరికీ ఇచ్చేయాలని 1996లో బెర్ముడాలో శాస్త్రవేత్తలు ఒప్పందం చేసుకున్నారు. 1998లో పుట్టిన క్రెగ్ వెంటర్ కంపెనీ సెలెరా డబ్బుకి అమ్ముకుందామని చూసిన రోజుల్లో ఆ మాట మీద నిలబడడం చిన్న విషయం కాదు. ఆ సంప్రదాయం వల్లే 2020 జనవరిలో వైరస్ వరస ఇంటర్నెట్‌లో పెట్టగానే ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల డిజైన్ రోజుల్లో అయిపోయింది. మన కోవాగ్జిన్ మాత్రం పాత పద్ధతి, చంపిన వైరస్‌తో చేసింది.

ఇక్కడ సీసీఎంబీ వైరస్ రకాలను చదవడమే కాక రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీతో కలిసి నగరం మురుగునీరు పరీక్షించింది. దాన్నిబట్టి 2020 ఆగస్టులో, హైదరాబాద్‌లో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా చెప్పింది. అధికారిక కేసుల లెక్క అందులో ఏ మూలకూ రాదు.

ఉమ్మి పంపితే అన్నీ చెప్పే కిట్ కొనొచ్చా?

సరదాకైతే కొనండి. "మీకు షుగర్ ముప్పు ఎక్కువ" అని చెప్పించుకోవడానికైతే దండగ, మీ నాన్నకు, పెదనాన్నకు ఉందా అని అడిగితే దాదాపు అంతే తెలుస్తుంది. ఆ ముప్పు లెక్కలు ఎక్కువభాగం యూరప్ మూలాలున్నవాళ్ల డేటా మీద కట్టినవి, మన మీద అంత సరిగ్గా కుదరవు.

ఇంకో వైపు చూడండి. అమెరికాలో ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీకి 2023లో హ్యాకింగ్ జరిగి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నర మంది డీఎన్ఏ ఎవరి చేతిలో పడుతుందోనని గొడవైంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, డీఎన్ఏని మార్చుకోలేం, పైగా అందులో మీ అన్నదమ్ముల సంగతీ ఉంది.

అన్నట్టు, స్కూళ్లలో వేలిముద్రలు తీసుకుని పిల్లాడు డాక్టర్ అవుతాడో ఇంజినీర్ అవుతాడో చెబుతామనే టెస్టులకూ జన్యుశాస్త్రానికీ ఏ సంబంధమూ లేదు. ఆ డబ్బులతో బిర్యానీ తినండి.

రిపోర్టులో "వీయూఎస్" అని వచ్చింది, భయపడాలా?

వద్దు. మార్పు కనబడింది, దాని అర్థం ఇంకా తెలీదు అని దాని భావం. జబ్బు ఉందనీ కాదు, లేదనీ కాదు. దీన్ని పట్టుకుని గర్భం తీయించుకోవడం, ఆపరేషన్ చేయించుకోవడం లాంటి నిర్ణయాలు తీసుకోకూడదు. మనవాళ్లకు ఇవి ఎక్కువ వస్తాయి, పోల్చి చూసుకోవడానికి మన డేటా తక్కువ కాబట్టి. ఏడాదికో రెండేళ్లకో అదే రిపోర్టుని మళ్లీ చూడమని అడగండి, అప్పటికి అర్థం తేలి ఉండొచ్చు.

పరిశ్రమకి నిజంగా లాభమేనా? జీనోమ్ వ్యాలీలో జీనోమ్ ఉందా?

2011లో అమెరికాలో బ్యాటెల్ అనే సంస్థ ప్రాజెక్టులో పెట్టిన 380 కోట్ల డాలర్లకి 79,600 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రభావం వచ్చిందని లెక్కేసింది. ఈ అంకెని ఇప్పటికీ అందరూ వాడతారు. ఆ రిపోర్టుకు డబ్బిచ్చింది సీక్వెన్సింగ్ సామాన్లు అమ్మే కంపెనీ ఫౌండేషన్, అయిన ఖర్చునే లాభంగా చూపారని ఆర్థికవేత్తలు తప్పుపట్టారు. కాబట్టి ఆ అంకెని పూర్తిగా నమ్మేయకండి.

తిరుగులేనిది ధర పడిపోవడం. 2001లో ఒక మనిషి జీనోమ్ చదవడానికి 10 కోట్ల డాలర్ల దాకా అయ్యేది, ఇప్పుడు 1000 డాలర్లలోపే. చదవడం చౌక, చదివింది అర్థం చేసుకోవడం ఖరీదు, అందుకే ఉద్యోగాలు ఇప్పుడు కంప్యూటర్ వైపున్నాయి. బీటెక్ పిల్లలకు ఒక మాట: కోడింగ్‌తో పాటు స్టాటిస్టిక్స్, కొంచెం బయాలజీ వస్తే మీ ఊళ్లోనే పని ఉంది.

శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ 1999లో ప్రకటించారు, ప్రపంచమంతా ఆ పేరు మీద ఊగిపోతున్న రోజులవి. లోపల ఎక్కువగా ఉన్నది టీకాలు, మందుల పరిశోధన, కాంట్రాక్ట్ ల్యాబులు. పేరు చూసి మోసపోకండి, కానీ తీసిపారేయకండి.

జన్యువు మీద పేటెంట్ ఉంటుందా?

అమెరికాలో మిరియడ్ అనే కంపెనీ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల మీద పేటెంట్ పట్టుకుని టెస్టుని తన గుప్పిట్లో పెట్టుకుంది. 2013 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న డీఎన్ఏని వేరు చేసినంత మాత్రాన పేటెంట్ ఇవ్వడం కుదరదంది. టెస్టు ధరలు దిగాయి.

పోలీసులు, కోర్టుల సంగతి?

డీఎన్ఏ వేలిముద్రల్లో, అంటే డీఎన్ఏని బట్టి మనిషిని గుర్తుపట్టే పరీక్షలో, మన ఊరు దేశానికే ముందుంది. లాల్జీ సింగ్ కట్లపాము జాతి పాము డీఎన్ఏ నుంచి తీసిన ఒక ముక్కతో సీసీఎంబీలో ఈ పరీక్ష తయారుచేశారు. రాజీవ్ గాంధీ హత్య కేసు, ఢిల్లీ తందూర్ హత్య కేసు దాకా వాడారు. తర్వాత దానికోసమే సీడీఎఫ్‌డీ అనే సంస్థ వచ్చింది. ఇవన్నీ జీనోమ్ ప్రాజెక్టు పూర్తవక ముందువే. డీఎన్ఏ బ్యాంకుల కోసం 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లుని మాత్రం 2023లో వెనక్కి తీసుకున్నారు.

నా జన్యువులు చూసి ఇన్సూరెన్స్ ఇవ్వనంటే?

2018లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి షరతును తప్పుపట్టింది, అదే ఏడాది ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా, జన్యు జబ్బు అన్న కారణంతో క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలకు చెప్పింది. అమెరికాలో 2008 నుంచి ఉన్నట్టు మన దగ్గర దీనికోసమే ఒక చట్టం లేదు. పాలసీ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

కడుపులో బిడ్డకు రక్తపరీక్షతో డౌన్ సిండ్రోమ్ తెలుస్తుందా?

తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ ముక్కలు తేలుతుంటాయని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త చూపించాడు. 2011 నుంచి ఆ టెస్టు ఉంది. ముప్పు ఉందని చెబుతుంది, జబ్బు ఉందని ఖాయం చేయదు, ఖాయం చేయడానికి ఉమ్మనీరు పరీక్ష కావాలి. ఆడా మగా అని అడగకండి, చెప్పడం నేరం.

సాంబ మసూరికి కూడా ఇదే టెక్నాలజీ అంటారు, నిజమేనా?

ఒక రకంగా. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి బ్యాక్టీరియా ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులను డీఎన్ఏ గుర్తుల సాయంతో సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో విడుదలైంది. మామూలు సంకరమే, జన్యుమార్పిడి (జీఎం) పంట కాదు. అన్నం రుచి మారలేదు, రైతుకి పంట నిలబడింది, గ్లైసిమిక్ ఇండెక్స్ తక్కువని షుగర్ ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

నేరుగా ల్యాబ్‌కి వెళ్లి ప్యాకేజీ కొనకండి. ముందు జెనెటిక్స్ డాక్టర్. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తలసీమియా, సికిల్ సెల్‌కి ప్రత్యేకంగా సొసైటీ ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, స్కాన్ ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. మూడు తరాల వివరాలు కాగితం మీద రాసుకోండి: ఎవరెవరికి ఏ జబ్బు, ఎవరు ఏ వయసులో పోయారు, ఏ పెళ్లి మేనరికం, ఎన్ని గర్భాలు నిలవలేదు. మీ నాయనమ్మకో అమ్మమ్మకో ఫోన్ చేసి అడిగితే సగం కాగితం అక్కడే నిండుతుంది. టెస్టు రాస్తే మూడు అడగండి: దీనివల్ల వైద్యం మారుతుందా, ఫలితం ఎవరు కూర్చోబెట్టి వివరిస్తారు, నా డేటా ఎక్కడ ఉంచుతారు. మూడిటికీ సరైన జవాబు రాకపోతే ఇంకో డాక్టర్ని చూడండి.